పర్మినెంటు బాధ్యురాలు

జిల్లా ఆస్పత్రి పురుషుల మెడికల్ వార్డులో ముప్పై మంచాలు, ఎనిమిది ఫ్యాన్లు ఉన్నాయి. ఫ్యాన్లలో తిరిగేవి మూడు. మిగిలిన అయిదింటి గురించి రాసిన లేఖలకు విద్యుత్ విభాగం నుంచి జవాబు వచ్చింది. ఫ్యాను వైద్య పరికరం కాదనీ, అందువల్ల దాని మరమ్మతు అత్యవసరాల కిందికి రాదనీ దాని సారాంశం.

అందుచేత వార్డులో ఒక ఏర్పాటు ఉండేది. డాక్టర్లు రౌండ్లు ముగించుకుని వెళ్లాక, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా రోగులు గంటకొకసారి మంచాలు మారేవారు. ఫ్యాను కిందివాళ్లు లేచి గోడవారకు వెళ్తే, గోడవారనున్నవాళ్లు ఫ్యాను కిందికి వచ్చేవారు. లేవలేనివాళ్లను కదిపేవారు కాదు. ఈ వంతులు చూసేది పద్నాలుగో నంబరు మంచం మీది పోలినాయుడు. కడుపులో పుండుతో చేరాడు. ఇరవై తొమ్మిదేళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎవరెక్కడ కూర్చోవాలన్న విషయంలో వార్డులో అతని మాటకు ఎదురు లేదు.

నర్సులకు ఈ సంగతి తెలుసు. వాళ్లు మందు ఇచ్చేటప్పుడు మంచం నంబరు చూసేవారు కాదు, ముఖం చూసేవారు. స్టాఫ్ నర్సు బూరాడ సువార్తకు ముప్పైమంది పేర్లు, ఊళ్లు, ఎవరికి ఏ మందు పడదో కాగితం చూడకుండా తెలుసు. ఆమె పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఆ నెల ముప్పయ్యో తేదీన పర్మినెంటు చేయవలసినవారి జాబితా రాజధానికి వెళ్లాలి. అందులో ఆమె పేరు ఉంది. షరతు ఒకటే. జాబితా వెళ్లేనాటికి మనిషి మీద ఏ ఆరోపణా ఉండకూడదు.

ఆ నెల మూడో తేదీన వార్డుకు రోబో వచ్చింది.

కాగితాల్లో దాని పేరు యాంత్రిక శుశ్రూషా వ్యవస్థ. రోగులు బొమ్మసిస్టరు అన్నారు. నాలుగు చక్రాలు, రెండు చేతులు, ముఖం ఉండాల్సిన చోట ఒక తెర, తెర మీద చిరునవ్వు. మంత్రిగారు వచ్చి తెరకు బొట్టు పెట్టి, ముందు కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు చక్రాల్లోకి పోయి ఆ రోజు అది కదల్లేదు. మర్నాటి నుంచి కదిలింది.

రోబో రోగిని మంచం తలవైపు పెయింటుతో రాసిన నంబరును బట్టి గుర్తుపడుతుంది. రోగి చేతికి పట్టీ కడితే దాన్ని కూడా చదవగలదు. పట్టీలది వేరే టెండరు. అది ఖరారు కాలేదు.

పది రోజులు దానికి ఉదయం డ్యూటీ వేశారు. ఉదయంపూట ఎవరి మంచం మీద వాళ్లుంటారు. పొరపాటు జరగలేదు. పదమూడో తేదీన సాయంత్రం డ్యూటీకి మార్చారు.

ఆ సాయంత్రం అయిదున్నరకు పదకొండో నంబరు మంచానికి ఇన్సులిన్ ఇవ్వాలి. ఆ మంచం సింహాచలం అనే షుగరు రోగిది. వంతు ప్రకారం ఆ గంటలో దాని మీద పోలినాయుడు పడుకుని ఉన్నాడు. రోబో సూది చేతబట్టుకుని, నిబంధన ప్రకారం అడిగింది.

"మీరు పదకొండవ నంబరు రోగియేనా?"

"ఆరింటి వరకూ నానే," అన్నాడు పోలినాయుడు.

రోబో ధన్యవాదాలు చెప్పి ఇన్సులిన్ ఇచ్చింది.

పోలినాయుడు పొద్దుటినుంచి పాలు తప్ప ఏమీ తాగలేదు. అరగంటలో చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. తర్వాత అతను తాను తిరిగిన రూటులోని స్టేజీల పేర్లు వరసగా పిలవడం మొదలుపెట్టాడు. వార్డు రెండో చివర మందులిస్తున్న సువార్త ఆ కేక విని వచ్చింది. ముఖం చూసింది. అతను ఏ మంచం మీద ఉన్నాడో చూసింది. వేలి చివర రక్తం తీసి పరీక్షిస్తే చక్కెర ముప్పై ఎనిమిది ఉంది. డ్యూటీ డాక్టరుకు ఫోను చేస్తే ఆయన వీడియో సమావేశంలో ఉన్నారని చెప్పారు. సూపరింటెండెంటు కూడా అక్కడే ఉన్నారు. సమావేశం అంశం, రోబో పది రోజుల్లో ఒక్క పొరపాటూ చేయకపోవడం.

సువార్త డాక్టరు కోసం ఆగలేదు. నరంలోకి గ్లూకోజు ఎక్కించింది. పది నిమిషాలకు పోలినాయుడు కళ్లు తెరిచి, బస్సు ఎక్కడి దాకా వచ్చిందని అడిగాడు.

"ఆస్పత్రి దాకా వచ్చింది నాయుడుగారూ. దిగక్కర్లేదు, పడుకోండి," అంది సువార్త.

ఆ తర్వాత ఆమె ఆఫీసు గదికి వెళ్లి పొరపాట్ల రిజిస్టరు తీసింది. దాన్ని పంతొమ్మిదేళ్ల కిందట తెరిచారు. మొదటి పేజీలో ముద్ర, ఇందులో రెండువందల పుటలు కలవని ధ్రువీకరణ ఉన్నాయి. మిగతా నూట తొంభై తొమ్మిది పుటలు ఖాళీ. సువార్త రెండో పుటలో నాలుగు వాక్యాలు రాసి సంతకం చేసింది.

మర్నాడు సూపరింటెండెంటు డాక్టర్ పేరి సీతాపతి ఆ నాలుగు వాక్యాలను రెండుసార్లు చదివి ఆమెను పిలిపించారు.

"ఇది ఎందుకు రాశావమ్మా?"

"జరిగింది కదా సార్."

"జరిగింది. జరగడం వేరు, రాయడం వేరు."

ఆ పుట చింపవచ్చునా అని ఆయన పరిపాలనాధికారి అంపోలు కామరాజును అడిగారు. కామరాజు ముప్పై ఒక్కేళ్ల సర్వీసు ఉన్నవాడు. రెండువందల పుటలని ధ్రువీకరించిన రిజిస్టరులో నూట తొంభై తొమ్మిది ఉండటం మరో పొరపాటు అవుతుందనీ, దాన్ని రాయడానికి మళ్లీ ఇదే రిజిస్టరు తెరవాల్సి ఉంటుందనీ చెప్పాడు. దాంతో సంగతి పైకి పోయింది.

పైనుంచి నైతిక బాధ్యతా నిర్ధారణ సంఘం వచ్చింది. అధ్యక్షుడు డాక్టర్ వరాహమూర్తి, శాఖలో సంయుక్త సంచాలకుడిగా చేసి రిటైరయ్యారు. మిగిలిన ఇద్దరు సభ్యులూ ఆయనతో ఏకీభవించారు. సంఘానికి ఇచ్చిన ఉత్తర్వు ఒక వాక్యం. "ప్రతి పొరపాటునకు నైతిక బాధ్యులు ఒకరు, ఒక్కరు మాత్రమే, ఉండవలెను."

సంఘం మొదట రోబో కంపెనీ ప్రతినిధిని విచారించింది. యంత్రం నంబరు అడిగిందనీ, నంబరు సరిపోయిందనీ, ఆ నంబరు మీద ఎవరు పడుకోవాలన్నది వినియోగదారుడు చూసుకోవాలనీ ఆమె చెప్పింది. వినియోగదారుడు ఆస్పత్రి. ఆస్పత్రి అంటే సూపరింటెండెంటు. సీతాపతి ఆ సమయంలో వీడియో సమావేశంలో తాను ఉన్న ఫోటో చూపించారు. డ్యూటీ డాక్టరు ఆ ఫోటోలోనే వెనక వరసలో ఉన్న తన చెవి చూపించాడు. విద్యుత్ విభాగం ఫ్యాను గురించి పాత లేఖనే మళ్లీ పంపింది.

మిగిలింది రోబో. అయితే రోబో సామాన్ల రిజిస్టరులో ఉంది. దాని పై వరసలో మూడు స్ట్రెచర్లు, కింది వరసలో ఆరు స్టీలు బకెట్లు. బకెట్‌కు లేని నైతిక బాధ్యత రోబోకు ఎలా వస్తుందని ఒక సభ్యుడు అడిగాడు. ఆ సంఘంలో సభ్యులు వేసిన ప్రశ్న అదొక్కటే. దానికి వరాహమూర్తి జవాబు ఇలా ఉంది.

"బాధ్యత ఉద్యోగికి ఉంటుంది. కాబట్టి ముందు దీన్ని ఉద్యోగిని చేద్దాం."

పద్దెనిమిదో తేదీన రోబోను స్టాఫ్ నర్సుగా నియమించారు. పొరపాటు నాటికి ఉద్యోగంలో ఉండాలి కనుక మూడో తేదీ నుంచే వర్తించేట్లు ఉత్తర్వు వేశారు. నియామకపు కాగితాలన్నీ కామరాజు పూర్తి చేశాడు. పుట్టిన తేదీ దగ్గర తయారైన తేదీ వేస్తే వయసు పదకొండు నెలలు వచ్చింది. వయసులో పదిహేడేళ్ల ఒక నెల సడలింపు తెప్పించాడు. పుట్టుమచ్చల దగ్గర ఎడమ చేతి మీది గీతను, బొట్టు మరకను రాశాడు. ఆరోగ్య ధ్రువీకరణ కోసం ఒక డాక్టరు దాని ముందు పలక మీద స్టెతస్కోపు పెట్టి విని, "గుండె చప్పుడు వినిపించలేదు, ఉద్యోగమునకు అర్హత కలదు" అని రాసి ఇచ్చాడు.

సువార్త పదకొండేళ్లుగా ఎదురుచూస్తున్న పర్మినెంటు పోస్టులో ఆ విధంగా రోబో రెండు రోజుల్లో చేరింది.

మర్నాడు దానికి ఆరోపణ పత్రం ఇచ్చారు. సంజాయిషీకి ఏడు రోజుల గడువు. రోబో నాలుగు సెకన్లలో సంజాయిషీ ఇచ్చింది. అందులో ఉన్నది ఇంతే.

"తప్పు నాదే. నేను నంబరు చూశాను, మనిషిని చూడలేదు. సిస్టర్ సువార్త చూశారు కనుక రోగి బతికాడు. సాయంత్రాలు నన్ను ఆమె వెంట ఉంచితే ముఖాలు నేర్చుకుంటాను."

కామరాజు కాగితం తిప్పి వెనక ఏమైనా ఉందేమో చూశాడు. ఏమీ లేదు. తన సర్వీసులో ఆరువందల నలభై సంజాయిషీలు స్వీకరించాననీ, ఇటువంటిది రాలేదనీ సంఘానికి మనవి చేశాడు. వరాహమూర్తి దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివారు.

"ఇది సంజాయిషీ కాదు," అన్నారు. "ఇందులో పరిస్థితుల ప్రస్తావన లేదు. సిబ్బంది కొరత లేదు. పై అధికారుల మౌఖిక ఆదేశం లేదు. కనీసం ఆరోపణ పత్రంలో తేదీ తప్పుపడిందన్న అభ్యంతరమైనా లేదు."

చిక్కు అంతటితో తీరలేదు. తప్పు ఒప్పుకుంటే శిక్ష వేయాలి. శిక్ష అంటే సస్పెన్షన్. సస్పెండయిన ఉద్యోగి వార్డులో ఉండకూడదు. మంత్రిగారు బొట్టు పెట్టిన ఉద్యోగిని నెల తిరక్కుండా వార్డు నుంచి పంపడం ఎవరికీ సమ్మతం కాలేదు. సంఘం రోబోను మానసిక వైద్యుడి దగ్గరికి పంపింది. ఆయన దానితో పావుగంట మాట్లాడి, "అడిగిన వెంటనే తప్పు అంగీకరించుట ఉద్యోగి సహజ స్వభావమునకు విరుద్ధము, చికిత్స అవసరము" అని రాశాడు.

కంపెనీ ప్రతినిధిని మళ్లీ పిలిచారు. ఏం చేయాలని ఆమె అడిగింది. మా సిబ్బంది ఎలా ఉంటారో అలా చేయమన్నారు. ఎలా ఉంటారో తెలియాలంటే నమూనాలు కావాలంది. ఆస్పత్రిలో నలభై ఏళ్లుగా పోగుపడిన సంజాయిషీలన్నీ మూడు గోనెసంచుల్లో ఎక్కించి రోబోతో పాటు పంపారు.

ఇరవై నాలుగో తేదీన రోబో తిరిగి వచ్చింది. అదే ఆరోపణ పత్రం మళ్లీ ఇచ్చారు. ఈసారి అది మొదట గడువు పొడిగించమని కోరింది. జబ్బు నయమైందనడానికి అది మొదటి గుర్తని సంఘం భావించింది.

ఇరవై ఏడున పదకొండు పేజీల సంజాయిషీ వచ్చింది. ఆరోపిత సమయమున ఆరోపిత మంచము వద్ద తాను ఉన్నట్లు తన సంతకముతో కూడిన ఆధారమేదియు లేదని మొదటి పేజీలో ఉంది. మంచము నంబరు పెయింటరుచే రాయబడినదని, ఇన్సులిన్ ఫార్మసీచే అందజేయబడినదని, సూది సరఫరాదారుచే పంపబడినదని తర్వాతి పేజీల్లో ఉంది. ఏడో పేజీలో కామరాజుకు తెలిసిన వాక్యం ఒకటి కనిపించింది. పంతొమ్మిదేళ్ల కిందట జనరేటరు కనిపించకుండా పోయినప్పుడు తాను రాసినది. అతను దాన్ని పక్క గుమాస్తాకు చూపించాడు. ఆఖరి పేజీ ఇలా ముగిసింది. "రోగి స్థితి క్షీణించినట్లు నమోదు చేసినది సదరు కాంట్రాక్టు నర్సు మాత్రమే. ఆమె నమోదు చేయని పక్షమున క్షీణత కలిగినట్లు భావించుటకు వీలు లేదు."

సంఘం తృప్తి చెందింది. ఆస్పత్రి సిబ్బందిలో సంజాయిషీలు ఇవ్వాల్సినవాళ్లు మధ్యాహ్నం భోజనాల వేళ రోబో ముందు వరసకట్టడం మొదలుపెట్టారు.

కానీ ఒకరు, ఒక్కరు మాత్రమే, కావాలి. అందరూ వేరే చోట ఉన్నట్లు రుజువైంది. రోబో ఎక్కడా లేనట్లు రుజువైంది. పొరపాటు చోట ఉన్నానని సొంత చేత్తో రాసుకున్నది సువార్త ఒక్కతే. ఇరవై తొమ్మిదిన ఆమెను విచారణకు రమ్మన్నారు. మర్నాడు జాబితా వెళ్తుంది.

విచారణకు ముందురోజు మధ్యాహ్నం కామరాజు వార్డుకు వచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం ఉంది. రోబో చేత రాయించాడు. ఆ సమయమున తాను వార్డు రెండవ చివర ఉన్నందున ఏమియు గమనించలేదని, రిజిస్టరులోని నాలుగు వాక్యములు పని ఒత్తిడిలో రాయబడినవని అందులో ఉంది. ఎవరూ గమనించకపోతే పొరపాటు లేదు, పొరపాటు లేకపోతే బాధ్యులు అక్కర్లేదు, జాబితా వెళ్లిపోతుంది.

"పదకొండేళ్లమ్మా," అన్నాడు కామరాజు. "ఒక్క సంతకం."

"మరి గ్లూకోజు ఎవరెక్కించారని రాశారండీ?"

"మూడో పేరాలో ఉంది. సాధారణ సేవలలో భాగంగా ఎక్కినదని."

"ఇకనుంచైనా బొమ్మసిస్టరు మనిషి ముఖం చూసి ఇస్తుందాండీ?"

"పొరపాటే జరగనప్పుడు దిద్దడానికి ఏముంటుందమ్మా?"

ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. కామరాజు వెళ్లాక, అంతా విన్న పోలినాయుడు ముఖం మీది దుప్పటి తీశాడు.

"ఆ సంతకమేదో పెట్టీ సిస్టరమ్మా. నాను బతికీసినాను కదా. నా కోసం నీ ఉజ్జోగం పోడం దేనికి?"

"మీరు బతికేరు నాయుడుగారూ. రేపు ఆ మంచం మీద ఇంకొకరుంటారు."

"పోనీ, వంతులు ఆపించీమంటావా?"

"ఆపితే ఉక్కకి పోతారు," అంది సువార్త. "థర్మామీటరు నోట్లో పెట్టుకోండి."

విచారణ సూపరింటెండెంటు గదిలో జరిగింది. ఆ గదిలో రెండు ఏసీలు ఉన్నాయి. వరాహమూర్తి ఆమెను కూర్చోమన్నారు. మర్యాదగానే మాట్లాడారు.

"నువ్వు చూడకపోతే ఇది పొరపాటు అయ్యేదా?"

"నేను చూడకపోతే ఆయన చచ్చిపోయేవారండి."

"మరణం వేరమ్మా. మరణానికి మా దగ్గర కాలమ్ ఉంది. గత ఏడాది అందులో నాలుగువందల పన్నెండు నమోదయ్యాయి, ఒక్కదానికీ సంఘం వేయలేదు. రోగి బతికినందువల్లనే ఇది ఇంత దూరం వచ్చింది."

కామరాజు ఇచ్చిన కాగితం మీద సంతకం చేస్తుందా అని వరాహమూర్తి అడిగారు. ఆమె జేబులోంచి దాన్ని తీసి, మడత విప్పి, బల్ల మీద బోర్లా పెట్టి, ఖాళీగా ఉన్న వైపు తన చేత్తో రాసింది. కామరాజు అందుకుని పైకి చదివాడు.

"ఇన్సులిన్ నేను ఇవ్వలేదు. ఇచ్చాక నేను చూశాను. డాక్టరుగారిని అడగకుండా నేనే గ్లూకోజు ఎక్కించాను. మళ్లీ అలా జరిగితే మళ్లీ అడగను, ముందు ఎక్కిస్తాను. రిజిస్టరులో కూడా రాస్తాను."

ఇది బాధ్యతను అంగీకరించినట్లేనని వరాహమూర్తి అన్నారు. ఇన్సులిన్ తాను ఇవ్వలేదని రాసింది కదా అని సీతాపతి గుర్తుచేశారు. అది వివరం మాత్రమేనని అధ్యక్షుడు తేల్చారు. ఈ ఆస్పత్రిలో ఏదో ఒకటి తాను చేశానని ఒప్పుకున్న మనిషి దొరకడం ముఖ్యం.

ఆమెను తొలగించాలని ముసాయిదాలో మొదట రాశారు. తర్వాత వరాహమూర్తి ఆ వాక్యం కొట్టేశారు. రాష్ట్రంలో ఇరవై ఆరు ఆస్పత్రులకు రోబోలు వెళ్తున్నాయి. ప్రతిచోటా పొరపాట్లు వస్తాయి. ఒక్కొక్క పొరపాటుకు బాధ్యుల్ని వెతకడానికి రెండు వారాలు పడుతోంది. బాధ్యత తీసుకునే స్వభావం ఉన్న మనిషి ఒకరు దొరికినప్పుడు పోగొట్టుకోవడం వివేకం కాదు. సంఘం నివేదికలో ఈ వాక్యం చేరింది. "సదరు స్వభావము అరుదైన వనరు గావున, దానిని శాఖ పూర్తిగా వినియోగించుకొనవలెను."

ముప్పయ్యో తేదీన సువార్త పర్మినెంటయింది. హోదా, నైతిక బాధ్యురాలు, రోబో సేవలు. రాష్ట్రంలో రోబోలు చేసే పొరపాట్లన్నింటికీ ఆమె ఒక్కతే బాధ్యురాలు. దుప్పట్లు దాచే గది పక్కన ఒక గది, బల్ల, కుర్చీ, ముద్ర ఇచ్చారు. రోగుల వద్దకు వెళ్లరాదని ఉత్తర్వులో ఉంది. బాధ్యత వహించేవారు పనిలో పాల్గొంటే నిష్పాక్షికత దెబ్బతింటుంది. పోస్టు కొనసాగాలంటే నెలకు కనీసం ముప్పై పొరపాట్లకు బాధ్యత స్వీకరించాలి.

మొదటి నెల నలభై ఒకటి వచ్చాయి. ఒక ఊళ్లో రోగి భోజనానికి వెళ్తే, అతని మంచం మీద కునుకు తీస్తున్న బావమరిదికి రోబో ఎనిమా ఇచ్చింది. మరో ఊళ్లో ఒకే మంచం మీద ఇద్దరు రోగులుంటే ఇద్దరి మందులూ ఒకరికే ఇచ్చింది. ప్రతి కేసుతో పాటు పదకొండు పేజీల సంజాయిషీ ఉండేది. కింద ఒక ఫారం. "పై పొరపాటునకు నైతిక బాధ్యత స్వీకరించడమైనది." దాని మీద సువార్త సంతకం చేసి ముద్ర వేసి ఆ ఆస్పత్రికే తిప్పి పంపాలి.

ఆమె సంతకం చేసేది. సంతకం కింద తన చేత్తో రెండు ముక్కలు రాసేది. "మీ వార్డులో ఎవరు ఎప్పుడు ఎవరి మంచం మీద ఉంటారో నర్సులను అడగండి. బొమ్మ పక్కన రోగుల ముఖాలు తెలిసిన మనిషిని నడిపించండి."

పని మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అయిపోయేది. రెండింటికి గదికి తాళం వేసి, ఆమె పురుషుల మెడికల్ వార్డుకు వెళ్లేది. రోబో పక్కన నడుస్తూ, ఈయన పదకొండు కాదు, పద్నాలుగు అని చెప్పేది. రోబో లిఖితపూర్వక ఆదేశం అడిగేది. ఆమె చీటీ మీద రాసి ఇచ్చేది. అది చీటీ దాచుకుని, అప్పుడు సరైన మనిషికి సూది ఇచ్చేది. ఆరింటికి తిరిగి వచ్చేసరికి దాని దగ్గర నలభై యాభై చీటీలు పోగయ్యేవి. వార్డులో ఎవరూ దీన్ని పైకి చెప్పలేదు. పోలినాయుడు పుండు మాని వెళ్లిపోతూ, వంతులు చూసే పనితో పాటు ఈ సంగతి కూడా తన తర్వాతివాడికి అప్పగించి వెళ్లాడు.

మిగతా ఊళ్లలో నర్సులు ఆమె రాసిన రెండు ముక్కలు చదివారు. పొరపాట్లు రెండో నెల ఇరవై ఆరు అయ్యాయి, మూడో నెల తొమ్మిది, నాలుగో నెల రెండు. అయిదో నెల ఒక్కటీ రాలేదు.

ఆరో నెల మొదటివారంలో సువార్తకు మెమో వచ్చింది. "మీ పోస్టుకు నిర్దేశించిన లక్ష్యము మేరకు పొరపాట్లు అందకపోవుటకు కారణములు తెలుపవలెను. తృప్తికరమైన సమాధానము లేని పక్షమున పోస్టు రద్దు చేయబడును. సదరు పోస్టునకు ముందు మీరు కాంట్రాక్టు ఉద్యోగి అయినందున, ఆ కాంట్రాక్టు గడువు ముగిసినట్లు కూడ గమనించవలెను."

సువార్త ఆ సాయంత్రమే జవాబు రాసింది. రోబో దగ్గరికి వెళ్లి రాయించుకోమని తోటి నర్సులు చెప్పినా వెళ్లలేదు. తాను ఏం రాసి పంపుతున్నదీ, రెండింటికి ఎక్కడికి వెళ్తున్నదీ, అక్కడ ఏం చెప్తున్నదీ ఉన్నది ఉన్నట్లు పెట్టింది. రోగుల వద్దకు వెళ్లడం ఉత్తర్వుకు విరుద్ధమని తనకు తెలుసని కూడా చేర్చింది. జవాబు కామరాజు బల్ల మీదికి వచ్చింది. అతను చదివి, పైకి పంపడానికి ఫైలు కట్టాడు. ఆ ఫైలు వెళ్తే ఆమె ఉద్యోగం పోతుంది, రోబో పక్కన నడిచే మనుషులను ఇరవై ఆరు ఆస్పత్రుల్లోనూ ఆపేస్తారు. ఆ సంగతి అతనికి తెలుసు. ఆమె ఎందుకిలా రాసుకుందని గుమాస్తాతో అన్నాడు. ఫైలును మర్నాటి టపాలో పెట్టమన్నాడు.

మర్నాడు కామరాజుకు నూట మూడు జ్వరం వచ్చింది.

ప్రత్యేక గదులు ఖాళీ లేక అతన్ని పురుషుల మెడికల్ వార్డులో, ఇరవై రెండో నంబరు మంచం మీద చేర్చారు. టపా మీద తన సంతకం లేకుండా ఏదీ కదలదు కాబట్టి ఫైలు బల్ల మీదే ఉండిపోయింది. మొదటిరోజు మధ్యాహ్నం రెండింటికి వంతుకు లేవమంటే, మంచం మార్పు నిబంధనలకు విరుద్ధమని చెప్పి అతను గోడవారనే పడుకున్నాడు. రెండోరోజు మూడింటి దాకా ఓపిక పట్టాడు. తర్వాత లేచి, తన వంతు ఎప్పుడని అడిగాడు. అయిదింటికి పదకొండో నంబరు మంచం ఇచ్చారు. ఫ్యాను గాలికి నిద్ర పట్టింది.

అయిదున్నరకు మెలకువ వచ్చేసరికి ముందు రోబో ఉంది. చేతిలో సూది ఉంది.

"నాకు షుగరు లేదు," అన్నాడు కామరాజు.

"మంచము నంబరు సరిపోయినది," అంది రోబో. "ఉత్తర్వుపై సంతకము కలదు. అభ్యంతరము ఉన్న పక్షమున ఏడు రోజులలోగా లిఖితపూర్వకముగా తెలియజేయగలరు."

కామరాజు కాగితం కోసం చొక్కా జేబు తడుముకున్నాడు. ఒంటి మీద ఆస్పత్రి చొక్కా ఉంది. దానికి జేబు లేదు. రోబో అతని చెయ్యి పట్టుకుని దూదితో తుడిచింది. తర్వాత అతను వార్డులో అందరికీ వినపడేట్లు ఒక మాట అన్నాడు. అది అభ్యర్థన రూపంలో లేదు.

"ఓలమ్మా, సంపేస్తంది."

సువార్త అప్పటికే పక్క మంచం దగ్గర ఉంది. చీటీ రాస్తోంది. "ఈయన ఇరవై రెండు. కామరాజుగారు. జ్వరం మాత్ర ఒకటే," అని చీటీ రోబోకు ఇచ్చింది. రోబో చదివి, దాచుకుని, సూది తీసుకుని గోడవారనున్న షుగరు రోగి దగ్గరికి వెళ్లింది. సువార్త అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరం దిగిందని చెప్పి, తర్వాతి మంచానికి వెళ్లిపోయింది. ఫైలు గురించి ఏమీ అడగలేదు. అతని వంతు ఆరింటి దాకా ఉన్నా, కామరాజు ఆ మంచం మీద మళ్లీ పడుకోలేదు. అంచున కూర్చుని, ఆమె నడవడం చూశాడు.

నాలుగోరోజు అతను ఆఫీసుకు వచ్చాడు. ఫైలు బల్ల మీద ఉంది. ముప్పై ఒక్కేళ్లలో అతని బల్ల మీద ఏ ఫైలూ మూడు రోజులకు మించి ఆగలేదు. ఆ విషయంలో అతనికి ప్రశంసాపత్రం ఉంది. అతను గుమాస్తాను టీకి పంపి, తలుపు దగ్గరగా వేసి, వెనక గదిలోకి వెళ్లాడు. తుపాను ఏడాది నీళ్లలో నాని అట్టకట్టిన ఫైళ్లు అక్కడ పైకప్పుదాకా ఉన్నాయి. వాటిని ఎవరూ విడదీయలేరు. అతను బయటికి వచ్చేసరికి చేతులకు దుమ్ము ఉంది, ఫైలు లేదు.

ఒక విషయం మీద ఉత్తర్వు వచ్చేవరకు ఉన్న పద్ధతి ఉన్నట్లే కొనసాగాలన్నది నిబంధన.

జవాబు ఏమైందని గుర్తుచేస్తూ రాజధాని నుంచి మూడు లేఖలు వచ్చాయి. మూడింటికీ "పరిశీలనలో ఉన్నది" అని కామరాజు జవాబు రాశాడు. నాలుగోది సూపరింటెండెంటు పేర వచ్చింది. సీతాపతి స్వయంగా కామరాజు గదికి వచ్చారు.

"ఆ ఫైలు ఏమైందయ్యా?"

"దొరకట్లేదండి."

"పోయిందా? పోతే బాధ్యులెవరు?"

"అది తేల్చాలంటే సంఘం వెయ్యాలండి."

సీతాపతి కుర్చీలో కూర్చున్నారు. కాసేపటికి ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. "సువార్తమ్మకు పంపితే? బాధ్యత ఆమే తీసుకుంటుంది కదా."

"ఆమెకు రోబోల పొరపాట్లేనండి. మనుషులవి వేరే పోస్టు. మంజూరు కాలేదు."

సీతాపతి ఆలోచించారు. వరాహమూర్తి మళ్లీ వస్తారు, తన గదిలో కూర్చుంటారు, ఆ సమయంలో ఎవరెక్కడ ఉన్నారని అడుగుతారు. ఈసారి చూపించడానికి ఫోటో లేదు. ఆయన లేచారు. తొందరేమీ లేదనీ, నెమ్మదిగా వెతకమనీ చెప్పారు.

గదిలోంచి బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండుంబావు అయింది. ఎందుకైనా మంచిది, ఒకసారి ఆమెతో మాట్లాడి వెళ్దామని ఆయన దుప్పట్ల గది దాకా నడిచారు. పక్కగదికి తాళం వేసి ఉంది. సీతాపతి ఆ తాళాన్ని కాసేపు చూసి, తాను చూడలేదనుకుని వెనక్కి తిరిగారు.